గుంట పూడ్చే ముందు కొలత చూపించండి

కిందటి నెల ఒకరోజు పొద్దున్నే కోనసీమ నుంచి ఒక రైతు ఫోను చేశారు. ఈ పేజీ ప్రతివారం చదివే మనిషి. మొత్తం ఎకరం ముప్పై సెంట్ల ఆసామి. అందులో అరవై సెంట్లు గ్యాసు బావి కోసం ఒక కంపెనీకి లీజుకిచ్చారు. ఎనిమిదేళ్లు గ్యాసు తీశారు. చివరికొచ్చేసరికి గ్యాసు తగ్గి నీళ్లు ఎక్కువయ్యాయి. బావి మూసేశారు. పక్కనున్న ఉప్పునీళ్ల గుంట మీద గ్రావెలు, మట్టి తోలి చదును చేశారు. ఇప్పుడు భూమి తిరిగి అప్పగిస్తాం, కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారట.

"భూమి యథాస్థితిలో ముట్టింది, నాకేమీ అభ్యంతరం లేదు అని రాసుందండి అందులో. పైన మట్టి బాగానే కనపడుతోంది. కింద ఏముందో నాకు తెలీదు కదండీ. సంతకం పెట్టమంటారా, ఆగమంటారా?" అని అడిగారు. సార్వా నాట్లు దగ్గరపడుతున్నాయి. ఆలస్యమైతే ఆ అరవై సెంట్లూ ఈ ఏడు కూడా బీడే. ఆ బెంగ ఆయన గొంతులో తెలుస్తూనే ఉంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లుగా వ్యవసాయ వార్తలు రాస్తున్నాను. దోమపోటు గురించి అడిగితే చెప్పగలను, కొబ్బరిలో నల్లి గురించి అడిగితే చెప్పగలను. చమురు బావి గుంటలో ఏముంటుందని అడిగితే ఉప్పు, నూనె జిడ్డు అనేవరకే తెలుసు. మూడోది ఒకటి ఉండొచ్చని తర్వాత చదువుకుంటే తెలిసింది. దాని పేరు సహజ రేడియోధార్మికత. ఆయనకి ఇవ్వాల్సిన జవాబు ఈ వారం అందరికీ కలిపి రాస్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ: గుంటలో ఉన్నదాన్ని కొలిచి, ఆ కొలత కాగితం చేతికిచ్చేదాకా సంతకం పెట్టొద్దు. ఎందుకో చూద్దాం.

మంట కనపడుతుంది, ఇది కనపడదు

గ్యాసు ప్రమాదం అంటే కోనసీమ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. రాత్రులు పగళ్లైపోయాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలి చనిపోయారు. ఆ రెండు తేదీలూ ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు.

మంటని అందరం చూస్తాం. చూసినవాళ్లు పరుగెడతారు, పేపర్లు రాస్తాయి, మంత్రులు వస్తారు, నష్టపరిహారం గురించి మాట్లాడతారు. బావి చల్లగా పనిచేసి చల్లగా మూతపడితే ఎవరూ రారు. అప్పుడు మిగిలేవి గుంటలో నీళ్లు, ట్యాంకు అడుగు మడ్డి, తుక్కు పైపులు. రేడియోధార్మికతకి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. గేదె మూతి పెడితే దానికీ తెలీదు. కొలిచే యంత్రం ఒక్కదానికే తెలుస్తుంది. అందుకే కొలత గురించి ఇంతగా అడగాల్సి వస్తోంది.

భూమి అడుగు నుంచి ఎలా వస్తుంది?

ఇది ఎవరో తయారుచేసి కలిపిన విషం కాదు. భూమి పుట్టినప్పటి నుంచీ రాళ్లలో, మట్టిలో యురేనియం, థోరియం అనే లోహాలు కొద్దికొద్దిగా ఉన్నాయి. మన చేలో మట్టిలోనూ ఉన్నాయి. అవి తమంతట తాము మెల్లగా విరుగుతూ వేరే పదార్థాలుగా మారుతుంటాయి. ఆ వరసలో పుట్టేదే రేడియం.

చమురు, గ్యాసు ఉన్న రాతి పొరల్లో వాటితోపాటు పాతకాలపు ఉప్పునీళ్లు కూడా ఉంటాయి. చాలాచోట్ల అవి సముద్రపు నీటికన్నా ఉప్పగా ఉంటాయి. యురేనియం, థోరియం చాలామటుకు రాతిలోనే ఉండిపోతాయి. రేడియం మాత్రం ఆ ఉప్పునీళ్లలో కరిగి, గ్యాసుతో, నూనెతో కలిసి పైకి వస్తుంది. బావి కొత్తలో నీళ్లు తక్కువ, ముసలిదయ్యేకొద్దీ ఎక్కువ. మన రైతు బావిలో చివర్లో నీళ్లు పెరిగాయన్నారే, లోకమంతటా బావులు అలాగే ముసలివవుతాయి. నీళ్లు పెరిగితే వాటితో వచ్చే రేడియం కూడా పెరుగుతుంది.

పైకొచ్చాక ఏమవుతుంది? మనింట్లో నీళ్లు కాచే కాగు అడుగున తెల్లగా సున్నం పొర కట్టడం చూస్తుంటాం. అలాగే అక్కడ ఒత్తిడి, వేడి తగ్గగానే పైపుల లోపల గట్టి పొర కడుతుంది. ముఖ్యంగా బేరియం లవణం పేరుకున్నప్పుడు రేడియం దాంట్లో చిక్కుకుంటుంది. నీళ్లలో కొంచెంగా ఉన్నది పొరలో చిక్కగా చేరుతుంది. ట్యాంకుల అడుగున మడ్డిలోనూ చేరుతుంది. గ్యాసు వైపు ఇంకో దారి ఉంది. రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతుంది. అది గ్యాసుతో ప్రయాణం చేసి, కొద్దిరోజుల్లో విరిగి, సీసం-210 అనే పదార్థంగా పైపుల లోపల, పంపుల లోపల పల్చటి పొరలా అంటుకుంటుంది.

ఒక సంగతి న్యాయంగా చెప్పుకోవాలి. బావి తవ్వేటప్పుడు వచ్చే మట్టిలో మామూలుగా ఇది తక్కువే. ఏళ్ల తరబడి గ్యాసు, నూనె తీసిన చోట వచ్చే నీళ్లు, మడ్డి, పైపు పొర - వీటి దగ్గరే అసలు జాగ్రత్త.

పదహారు వందల ఏళ్లు

రేడియం దూరం నుంచి చంపేసే వస్తువు కాదు. దాన్నుంచి వచ్చే ఆల్ఫా కిరణాలు కాగితాన్ని కూడా దాటలేవు. కూడా వచ్చే గామా కిరణాలు మాత్రం ఇనుప పైపుని దాటి బయటికొస్తాయి, అయినా కాసేపు పక్కన నిలబడినందుకు కంగారు పడక్కర్లేదు. ప్రమాదమంతా దుమ్ముగా పీలిస్తే, నీటితో, తిండితో లోపలికి పోతే. మన ఒంటికి రేడియానికీ కాల్షియానికీ తేడా తెలీదు. సున్నమే అనుకుని ఎముకల్లో దాస్తుంది. అక్కడ కూర్చుని అది ఏళ్ల తరబడి లోపల్నించి కొడుతూనే ఉంటుంది. 1920ల్లో అమెరికాలో గడియారాలకి రేడియం రంగు పూసే ఆడపిల్లలు కుంచె మొన కోసం పెదాలతో తడి చేసుకునేవారు. వాళ్లలో చాలామందికి దవడ ఎముకలు పుచ్చిపోయాయి, ఎముకల కేన్సర్లు వచ్చాయి. అది వాళ్లు నేరుగా మింగిన రేడియం. గుంట పక్క రైతుకి అంత పోతుందని కాదు. లోపలికి పోతే ఎక్కడికి చేరుతుందో తెలియడానికి చెబుతున్నాను.

ఇక రెండోది, కాలం. పురుగుమందు చేలో పడితే కొన్ని నెలలకో కొన్నేళ్లకో విరిగిపోతుంది. రేడియం-226 సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. నన్నయ్యగారు రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టి సుమారు వెయ్యేళ్లు. ఆనాడు ఒక గుంటలో రేడియం పూడ్చి ఉంటే ఇవాళ్టికి సగం కూడా తగ్గి ఉండేది కాదు. కంపెనీ లీజు ఎనిమిదేళ్లు, అధికారి ఆ సీట్లో ఉండేది మూడేళ్లు, రైతు సంతకం ఒక్క నిమిషం. గుంట మాత్రం మనవడి మనవడి దాకా ఉంటుంది.

వేరే చోట్ల ఏం జరిగింది?

పెట్రోలియంలో రేడియోధార్మికత ఉందని శాస్త్రజ్ఞులు 1904 నాటికే గుర్తించారు. తెలిసినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1981లో బ్రిటన్ వాళ్లు ఉత్తర సముద్రంలో నూనె తీసే చోట పైపుల పొరలో ఇది గట్టిగా ఉందని కనుక్కున్నాక కదలిక వచ్చింది.

1986లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో పాత నూనె పైపులు శుభ్రం చేసే ఒక చిన్న షెడ్డులో మీటరు పెడితే అది గట్టిగా కొట్టుకుంది. అక్కడ కూలీలు ఏళ్ల తరబడి ఆ పొర గీకిన దుమ్ము పీలుస్తూ పనిచేశారు. అప్పటికే అలాంటి వాడేసిన పైపులు పొలాల కంచెలకీ, బడి పిల్లల ఆటస్థలాలకీ చేరిపోయాయి. ఎవరి దోషమంటే, అడిగినవాడిదీ కాదు, పట్టుకెళ్లినవాడిదీ కాదు. కొలవకుండా బయటికి పంపినవాడిది. ఆ తర్వాత 1989లో లూసియానా రాష్ట్రం దీనికోసం విడిగా నిబంధనలు పెట్టింది.

అదే లూసియానాలో న్యూ ఆర్లీన్స్ నగరం పక్కన హార్వే అనే ఊళ్లో ఒక కుటుంబం తమ 33 ఎకరాలు పైపులు శుభ్రం చేసే కంపెనీకి లీజుకిచ్చింది. దశాబ్దాలపాటు అక్కడ పైపుల పొర గీకారు. ఆ పొడి నేలలో కలిసింది. లీజు అయ్యాక అసలు సంగతి బయటపడింది. ఆ పైపులు పంపిన ఎక్సాన్‌మొబిల్ మీద కుటుంబం కోర్టుకెళ్లింది. 2001లో జ్యూరీ వంద కోట్ల డాలర్ల జరిమానా వేసింది, నేల బాగుచేయడానికి ఇంకో 5 కోట్ల 60 లక్షల డాలర్లు ఇమ్మంది. పై కోర్టులో జరిమానా సుమారు 11 కోట్ల 20 లక్షల డాలర్లకి తగ్గింది. తగ్గినా అది చిన్న మొత్తం కాదు. ఇక్కడ మనం చూడాల్సింది డబ్బు కాదు. అది కూడా లీజుకిచ్చిన భూమే. వాళ్లకీ ముందు ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి నీళ్ల సంగతి. పెన్సిల్వేనియా రాష్ట్రంలో గ్యాసు బావుల ఉప్పునీళ్లని శుద్ధి చేసి ఒక వాగులోకి వదిలేవారు. శుద్ధిలో రేడియం చాలావరకు పోయింది కూడా. అయినా డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2013లో ప్రకటించిన పరిశోధనలో, నీళ్లు కలిసే చోట వాగు అడుగు మట్టిలో ఎగువ మట్టికన్నా సుమారు 200 రెట్లు రేడియం తేలింది. నీళ్లు పారిపోయాయి, రేడియం అడుగున కూర్చుంది. మన మురుగు కాలువల్లో పూడిక తీసి చేను గట్ల మీద వేసుకునే అలవాటు మనకుంది. ఆ పూడికని తలుచుకుంటే ఈ లెక్క మనకెందుకో అర్థమవుతుంది.

ఆరు లక్షల రెట్ల తేడా

ఇవన్నీ చదివి మన బావుల్లోనూ అంతే ఉందని కంగారు పడొద్దు. అలాగే మన దగ్గర ఏమీ ఉండదులే అని ఊరుకోనూ వద్దు. రెండూ తప్పే. ఎందుకో అంకెలే చెబుతాయి.

రేడియోధార్మికతని బెకెరెల్ అనే లెక్కలో కొలుస్తారు. సెకనుకి ఒక అణువు విరిగితే ఒక బెకెరెల్. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2003లో చమురు, గ్యాసు పరిశ్రమ గురించి ఒక పుస్తకం వేసింది. లోకంలో అన్నిచోట్లా కొలిచిన లెక్కలు అందులో ఉన్నాయి. బావి నీళ్లలో రేడియం-226 లీటరుకి 0.002 బెకెరెల్ నుంచి 1200 బెకెరెల్ దాకా ఉంది. అంటే ఒక బావికీ ఇంకో బావికీ ఆరు లక్షల రెట్ల తేడా! పైపుల గట్టి పొరలో గ్రాముకి 0.1 నుంచి 15,000 బెకెరెల్ దాకా ఉంది. పోలిక కోసం చూస్తే, మామూలు మట్టిలో కిలోకి ముప్పై పైచిలుకు బెకెరెల్ ప్రపంచ సగటు. అమెరికాలో తాగేనీటికి పెట్టిన హద్దు రెండు రకాల రేడియం కలిపి లీటరుకి 0.185 బెకెరెల్.

ఆరు లక్షల రెట్ల తేడా ఉన్నచోట పక్క రాష్ట్రం లెక్క తెచ్చి మనకి సర్దిచెప్పడం కుదరదు. పక్క ఊరి బావి లెక్క కూడా కుదరదు. నాలుగు చేల మట్టి పరీక్ష చేసి మండలమంతటికీ ఒకే ఎరువు మోతాదు చెబితే మనం ఊరుకుంటామా? మరి ఇది? ఏ బావికి ఆ బావి, ఏ గుంటకి ఆ గుంట కొలవాల్సిందే. కొలిస్తే ఏమీ లేదని తేలొచ్చు. తేలితే మరీ మంచిది. ఆ కాగితమే రైతుకి ఇవ్వండి, దస్తావేజులతోపాటు పెట్టెలో దాచుకుంటాడు.

"సహజమే కదా" అనేవారికి

ఈ మాట ఎత్తితే కొందరు చదువుకున్నవారు నవ్వుతారు. "ఇది సహజంగా ఉండేదే కదండీ, కేరళ చవర తీరంలో ఇసకలోనే ఉంది, మన భీమిలి తీరంలో కూడా ఉంది, జనం బతకడం లేదా?" అంటారు.

ఆ మాటలో నిజం ఉంది. కేరళలో కరునాగపల్లి ప్రాంత ప్రజల మీద చేసి 2009లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో కేన్సర్ పెరిగినట్టు తేలలేదు. కానీ అక్కడ ఏళ్ల తరబడి ఇంటింటికీ కొలిచారు. కొలిచారు కాబట్టే ధైర్యంగా చెప్పగలిగారు. అక్కడిది ఇసక నుంచి బయటగా తగిలేది. ఇక్కడిది నీళ్లలో కరిగి, మడ్డిలో చిక్కబడి, పొడైతే ఊపిరితిత్తుల్లోకి పోయేది. రెంటినీ ఒకే గాట కట్టకూడదు.

సహజం అనే మాటకొస్తే, పాము విషమూ సహజమే. భూమికి కిలోమీటర్ల లోతున ఉన్నంతకాలం దాని జోలికి మనం పోలేదు, మన జోలికి అది రాలేదు. దాన్ని పైకి తెచ్చింది మనిషి. పైకి తెచ్చినవాడే లెక్క చెప్పాలి.

గ్యాసు వద్దని నేను అనడం లేదు. మన పొయ్యి దాంతోనే వెలుగుతోంది. మన చేలో వేసే యూరియా గ్యాసుతోనే తయారవుతోంది. ఊళ్లో ఎంతమంది కుర్రాళ్లు ఆ పనుల్లో బతుకుతున్నారో నాకు తెలుసు. గ్యాసు తీసుకెళ్లండి, దేశానికి ఇవ్వండి. అడుగు మడ్డి మాత్రం చెప్పకుండా చిన్నరైతు చేలో వదలొద్దు. నేను అడిగేది అంతవరకే.

రెండు శాఖల మధ్య గుంట

మన దేశంలో నూనె కలిసిన తవ్వకం మట్టి, ట్యాంకు మడ్డి ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పట్టికలో వాటి పేర్లున్నాయి. చూసేది కాలుష్య నియంత్రణ మండలి. అయితే అవే నిబంధనలు రేడియోధార్మిక వ్యర్థాలు తమ కిందికి రావని, అణుశక్తి చట్టం చూసుకుంటుందని పక్కన పెట్టాయి. అణుశక్తి నియంత్రణ మండలి 1983 నుంచీ ముంబైలో ఉంది. కాలుష్య మండలి ఆఫీసులో అడిగితే అది మాది కాదంటే, ఎకరం రైతు ముంబై వెళ్లి అడుగుతాడా?

ఇది రెండు కమతాల మధ్య గట్టు లాంటిది. ఇద్దరిదీ అన్నప్పుడు ఎవరూ మట్టి వేయరు. జిల్లా కలెక్టరుగారు ఒక్క ఉత్తర్వు వేస్తే ఈ చిక్కు తీరుతుంది. చమురు, గ్యాసు లీజు భూమి ఏదైనా తిరిగి అప్పగించే ముందు ఉప్పు, నూనె, బరువు లోహాలతోపాటు రేడియం కూడా కొలిచిన రిపోర్టు ఉండాలి. అది తెలుగులో రాసి గ్రామ సచివాలయం బోర్డు మీద పెట్టాలి. ఖర్చు తవ్వినవాళ్లది. అణుశక్తి నియంత్రణ మండలి గుర్తించిన ప్రయోగశాలలు దేశంలో ఉన్నాయి. చేయడానికి కావలసినవన్నీ ఉన్నాయి, చేయమని అడిగే గొంతే లేదు.

ఉప్పే సాక్షి

రేడియం కొలవడం రైతు చేతిలో లేదు. ఉప్పు కొలవడం ఉంది. ఇక్కడే మనకి ఒక ఆధారం దొరుకుతుంది. బావి నీళ్లలో ఉప్పు ఎక్కువున్న చోట రేడియం కూడా ఎక్కువగా ఉండే అవకాశం ఉందని చాలా దేశాల్లో చూశారు. కాబట్టి గుంట నీళ్లు చేలోకి దిగాయా లేదా అనడానికి ఉప్పే మొదటి సాక్షి.

గుంట పూడ్చిన చోట ఒకటి, గుంటకి పల్లంగా ఉన్న చోట ఒకటి, దూరంగా ఎగువ మూల ఒకటి - మూడు చోట్ల మట్టి తీసి మట్టి పరీక్ష కేంద్రంలో ఇవ్వండి. లవణ సాంద్రత, అంటే వాళ్లు ఈసీ అనే లెక్క, అడగండి. వరికి మట్టిలో ఇది 3 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. అక్కణ్ణించి ఒక్కొక్క పాయింటు పెరిగేకొద్దీ సుమారు వందకి 12 వంతున తగ్గుతుంది. దూరపు మూలలో ఒకటి, గుంట దగ్గర ఐదు వచ్చిందంటే అది సముద్రం ఉప్పు కాదు, భూమి లక్షణమూ కాదు. అప్పుడు ఆ కాగితం జతచేసి, రేడియం కూడా పరీక్ష చేయించండని రాసి అడగండి. ఉత్త చేతులతో అడిగేదానికీ, కాగితంతో అడిగేదానికీ తేడా ఉంటుంది.

ఉప్పు లేనంత మాత్రాన రేడియం లేదని మాత్రం అనుకోవద్దు. వానలకి ఉప్పు కడుక్కుపోతుంది. రేడియం మట్టినీ మడ్డినీ అంటిపెట్టుకుని ఉండిపోవచ్చు.

ఇంకో జాగ్రత్త. కొందరు చేతిలో చిన్న మీటరు పట్టుకొచ్చి, గుంట మీద అటూ ఇటూ తిప్పి, ఏమీ లేదు చూసుకోండి అంటారు. పైపుల్లో రేడియం పొర గట్టిగా ఉంటే ఆ మీటరుకి దొరుకుతుంది. నీళ్లలో కరిగిన రేడియం దొరకదు. మీటరు మందం మట్టి కప్పిన మడ్డి సరిగ్గా దొరకదు. గ్యాసు పైపుల లోపలి సీసం-210 పొర బయట్నుంచి దొరకదు. వాటికి నమూనా తీసి ప్రయోగశాలకి పంపాల్సిందే. మామూలుగా నమూనాని డబ్బాలో మూత బిగించి మూడు నాలుగు వారాలు ఆపి కొలుస్తారు. కాబట్టి సంతకం రోజున అడిగితే లాభం లేదు, రెండు నెలలు ముందే అడగాలి.

నేను రాసిన ఒక వార్త

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పదేళ్ల కిందట "తక్కువ ఖర్చుతో పశువుల పాక" అని ఒక వార్త రాశాను. ఒక రైతు తుక్కు కొట్లో వాడేసిన బావి పైపులు బరువు లెక్కన కొని, గుంజలుగా పాతి, మంచి పాక వేసుకున్నారు. ఫొటోతో సహా వచ్చింది. చాలామంది ఫోన్లు చేసి ఆ తుక్కు కొట్టు ఎక్కడని అడిగారు. నేనే చెప్పాను.

మొన్న ఇదంతా చదివాక ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లాను. పాక అలాగే ఉంది. "అప్పుడు ఆ పైపుల్లో ఏదో తెల్లటి పొర ఉండేదండి. సుత్తితో కొట్టి, ఇనుప బ్రష్షుతో గీకి రంగేశాం. ఆ పొడి పెంటకుప్ప మీద పోశాం" అన్నారు. పెంట చేలోకి పోయింది. అది రేడియం పొరా, ఉత్త సున్నమా? ఆ పైపుల్ని అమ్మేముందు ఎవరూ కొలవలేదు. నేనూ వార్త రాసేముందు ఆ ప్రశ్న అడగలేదు. సున్నమే అయి ఉండాలని కోరుకుంటున్నాను. కోరుకోవడం కొలత కాదు.

అలాంటి పైపులు ఇప్పటికే వాడుతున్నవారు హడావుడిగా పీకేయొద్దు. కొయ్యొద్దు, గీకొద్దు, వెల్డింగు పెట్టొద్దు, సుత్తితో కొట్టొద్దు. రెండు చివర్లూ మూసేయండి. దుమ్ము లేవకపోతే ప్రమాదం చాలామటుకు తగ్గినట్టే. పైపులకైతే మీటరుతో చూసే పరీక్ష పనికొస్తుంది, దాన్ని అడగండి. కొత్తగా కొనేవాళ్లు మాత్రం ఎంత చవకైనా బావి పైపులు బోరు కేసింగుకి వాడొద్దు. తాగేనీళ్ల సంగతి అది.

రైతులు గుర్తుంచుకోవాల్సినవి

లీజుకిచ్చే ముందే మీ మట్టి, మీ బోరు నీళ్లు పరీక్ష చేయించమని ఒప్పందంలో రాయించండి. ముందు లెక్క లేకపోతే తర్వాత లెక్కకి విలువ ఉండదు. "మీ భూమిలో మొదట్నుంచీ ఉన్నదే" అని తేల్చేస్తారు.

గుంట ఏ సర్వే నెంబరులో, గట్టు నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో పటం గీయించి సంతకాలు తీసుకోండి. ఫొటోలు తీసి ఉంచుకోండి. పదేళ్ల తర్వాత గుంట ఎక్కడుందో ఊళ్లో ఎవరికీ గుర్తుండదు.

ట్యాంకు మడ్డి, గుంట మట్టి ఉచితంగా తోలుతామన్నా ఇంటి పునాదికీ, గట్లకీ, దారికీ వేయించుకోవద్దు.

పశువులు ఉప్పు రుచికి ఆ నీళ్ల వైపు పోతాయి. గుంట చుట్టూ కంచె కట్టించమని అడగండి. ఆ నీళ్లు చేపల చెరువులోకి, పంట బోదెలోకి వదిలితే వెంటనే రాసి ఫిర్యాదు చేయండి.

కౌలు రైతులు కూడా అడగాలి. సంతకం భూమి యజమానిదే కావచ్చు, మోకాలి లోతు బురదలో దిగేది కౌలుదారు.

ప్రభుత్వరంగ కంపెనీ అయితే సమాచార హక్కు చట్టం కింద నేరుగా అడగొచ్చు. ప్రైవేటు కంపెనీ అయితే కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. పది రూపాయల రుసుము, తెల్లకాగితం చాలు. దారిద్ర్యరేఖకి దిగువనున్నవారు రుజువు జతచేస్తే ఆ పది కూడా అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సిన ప్రశ్నలు మూడే: ఈ బావి నీళ్లలో, మడ్డిలో రేడియం ఎప్పుడు కొలిచారు? ఎంత వచ్చింది? ఆ వ్యర్థం ఇప్పుడు ఎక్కడుంది?

చివరిగా

ఫోను చేసిన ఆ రైతుకి ఈ సంగతులన్నీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నాట్లు పోయినట్టేనండి ఈ ఏడు" అన్నారు. అవునని చెప్పాల్సి వచ్చింది. అరవై సెంట్ల సార్వా గింజలంటే ఆ ఇంట్లో కొన్ని నెలల తిండి. ఆగమని సలహా చెప్పడం తేలిక, ఆగడమే కష్టం. అందుకే పరీక్ష పూర్తయ్యేదాకా లీజు డబ్బు ఇస్తూనే ఉండాలని కూడా అడగమన్నాను. కొలత ఆలస్యమైతే ఆ నష్టం రైతు మీద పడకూడదు.

వారం తర్వాత ఆయనే మళ్లీ ఫోను చేశారు. కంపెనీ ఇచ్చిన కాగితం వెనక్కి పంపేశారట. దాంతోపాటు తన చేత్తో రాసిన ఉత్తరం జతచేశారట. అందులో ఏం రాశారో చదివి వినిపించారు: గుంట స్థలంలో మట్టి, పక్క బోరు నీళ్లు పరీక్ష చేయించి రిపోర్టు ఇవ్వండి, చూసుకుని సంతకం పెడతాను, అప్పటిదాకా లీజు సొమ్ము ఇవ్వండి.

నాలుగు వాక్యాలు కూడా లేవు. అందులో తిట్టు లేదు, బెదిరింపు లేదు. లీజు గుంట ఉన్న ప్రతి రైతూ అలాంటి ఉత్తరం ఒకటి రాస్తే, సమాధానం చెప్పక వాళ్లకి తప్పదు.